పిల్లల చాటున

"పోనీ, బాత్రూములో ఉండమని బయట గడియ పెడితేనో?" అంది నిస్సీ.

"పెట్టు. వాళ్ళు ముందు తీసేది ఆ తలుపే," అన్నాడు విజయ్ కుమార్.

"మంచం కింద?"

"వాళ్ళు దాగుడుమూతలు ఆడ్డానికి రావట్లేదే నిస్సీ."

మొగుడూ పెళ్ళాలు ఎక్కడ దాచాలా అని కొట్టుకుంటున్న మనిషి వాళ్ళ ఎదురుగానే, వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. వెంకటేశ్వరి చేతిలో పెరుగన్నం గిన్నె. చంకలో వాళ్ళ చిన్నవాడు షాలేము నోరు తెరుచుకుని ముద్ద కోసం చూస్తున్నాడు. వాడికి పెట్టాలన్న సంగతే ఆమె మరిచిపోయింది.

మాబు ఫోను పెట్టేసి ఎంతోసేపు కాలేదు. కువైట్‌లో, బ్నీద్ అల్ గార్ పేటలో వాళ్ళుంటున్న ఆ పాత బిల్డింగుకి అతనే కాపలాదారు, కడప మనిషి. "అన్నా, పక్క బిల్డింగులో పోలీసు చెకింగ్ జరుగుతాండాది. అదైపోతానే మన దాన్లోకే వస్తారు. బతాకా లేనోళ్ళు ఎవురన్నా ఉంటే బిరీన దిగిపొమ్మను. నేను చెప్పినానని మాత్రం అనాకు," అని పెట్టేశాడు.

బతాకా అంటే గుర్తింపు కార్డు. కువైట్‌లో అది జేబులో ఉంటేనే మనిషి మనిషి. వెంకటేశ్వరి బతాకా ఎగైలాలో, ఆమెకు వీసా ఇచ్చిన యజమాని ఇంట్లో, ఆమె పారిపోయి వచ్చిన ఆ కఫీల్ బీరువాలో ఉండిపోయింది. పనిమనిషి పారిపోయిందని వాళ్ళు కేసు కూడా పెట్టారు. దొరికితే ఆమె వేలిముద్రలు తీసుకుని విమానం ఎక్కిస్తారు. మళ్ళీ ఈ దేశంలో అడుగు పెట్టనివ్వరు. అది ఆమె సంగతి. దాచినందుకు నిస్సీ నర్సు ఉద్యోగం, విజయ్ కుమార్ సబ్హాన్ గోడౌన్ ఉద్యోగం, పిల్లలు ఈ దేశంలో ఉండనిచ్చే ఇఖామాలు, అన్నీ ఆమె వెనకే పోతాయి.

"నేను మొన్నే చెప్పాను, ఎంబసీలో అప్పజెప్పేద్దామని. విన్నావా?"

"ఆదివారం ఆఫీసు తీస్తారు, తీసుకెళ్తానని మీరే కదండీ అన్నారు."

"ఆదివారం దాకా ఆగేలా ఉందా ఇప్పుడు? ఇవాళ శుక్రవారం."

"ఆ సంగతి నాకు తెలీదా. ఇక్కడ శుక్రవారమే కదా చర్చి. పొద్దున్న మీరు రాలేదు గానీ నేను వెళ్ళొచ్చాను."

ఇంత ముంచుకొస్తున్నా పాత లెక్కలు తీయకుండా ఉండలేరు. సంసారాలంటే అంతే కాబోలు.

వెంకటేశ్వరి గిన్నె కింద పెట్టింది. "సారూ, నేను పోతాలే. యాడికన్నా పోతా. నా కోసరం మీరు కొట్లాడుకోవాకండి."

"ఎక్కడికి పోతావక్కా? ఒక్కదానివి రోడ్డు మీద కనబడితే సందు చివరిదాకా కూడా పోనివ్వరు. కారులో తిప్పుదామంటే ఏ మలుపులో ఏ చెక్‌పాయింట్ పెట్టారో."

నిస్సీ డ్యూటీ బట్టల్లో ఉంది. తల దువ్వుకుంటున్న చెయ్యి ఆపేసింది. "ఒక్కతే అయితే ఆపుతారు. పిల్లలు చేతిలో ఉంటే ఎవరాపుతారండీ? పార్కులో చూడలేదా? ఇంతమంది ఆయాలు పిల్లల్ని ఆడిస్తుంటారు. వాళ్ళని ఎవరన్నా కార్డు అడగడం మీరు చూశారా ఎప్పుడైనా?"

విజయ్ కుమార్ వెంకటేశ్వరి చంకలోని షాలేముని చూశాడు.

"అంటే మన పిల్లల్ని అడ్డం పెడదామంటావు," అన్నాడు.

"నాకు ఇష్టమై చెబుతున్నానా?"

"దొరికితే వాళ్ళని కూడా స్టేషన్లో కూర్చోబెడతారే. వీడికింకా డైపరు."

"నన్ను డ్యూటీలో దింపి మీరు తిన్నగా పార్కుకి వచ్చేయండి. ఆ కాసేపే కదా. ఈలోగా ఇక్కడ చెకింగ్ అయిపోద్ది."

"ఆ కాసేపట్లో ఏమైనా అయితే?"

నిస్సీ హ్యాండ్‌బ్యాగు భుజాన వేసుకుంది. విజయ్ కుమార్ దగ్గర వేరే దారి లేదు. ఈలోగా లోపలి గదిలోంచి జాయ్సీ వచ్చేసింది. దానికి ఆరేళ్ళు. పెద్దవాళ్ళు గొంతు తగ్గించుకుంటే చాలు, దాని చెవులు పెద్దవైపోతాయి. వింటున్న మాటల్లో దానికి అర్థమైంది ఒక్కటే.

"పార్కుకా డాడీ? ఇవాళేనా? ఉయ్యాల ముందు నాకే," అంటూ బూట్లు తెచ్చుకుని నేల మీద కూర్చుంది.

ఎన్ని వారాల నుంచి అడుగుతోందో పాపం. విజయ్ కుమార్ కారు తాళాలు తీసుకున్నాడు.

*

కారులో నిస్సీ పెదవులు కదుపుతూ ప్రార్థన చేసుకుంటోంది. వెంకటేశ్వరి వెనక సీట్లో షాలేముని ఒళ్ళో పెట్టుకుని తల దించుకుని కూర్చుంది. పోలీసు జీపు ఒకటి పక్కనుంచి పోయింది. ఆమె ఇంకా కిందికి వంగింది.

పార్కు గేటు దగ్గర విజయ్ కుమార్ వెనక్కి తిరిగాడు.

"జాయ్సీ, ఈ ఆంటీ ఎవరని అడిగితే ఏం చెప్పాలి?"

"వెంకటాంటీ."

"కాదమ్మా. మా ఆయా అని చెప్పాలి. మమ్మీ ఎక్కడుందంటే?"

"ఆసుపత్రిలో."

"డాడీ?"

"కారు పెట్టి వస్తున్నాడు." జాయ్సీ ఆగి, "అది అబద్ధం కదా డాడీ? సండే స్కూల్లో వద్దన్నారు," అంది.

విజయ్ కుమార్ కిటికీలోంచి బయటికి చూశాడు. నిస్సీ ప్రార్థన ఆపేసింది.

"ఇవాళ్టికి పర్లేదమ్మా," అంది.

అన్యాయంగా మాట్లాడకూడదు. విజయ్ కుమార్ చెడ్డవాడు కాడు. ఆమె దిగుతుంటే సీటు కింద నుంచి నీళ్ళ సీసా, బిస్కెట్ల పొట్లం తీసి చేతిలో పెట్టాడు. "అక్కా, ఎవరి కళ్ళల్లోకీ చూడకు. జనం ఉన్న చోటే ఉండు. నేను గాలిలా వచ్చేస్తా," అన్నాడు. కారు మలుపు తిరిగేదాకా వెంకటేశ్వరి అక్కడే నిలబడింది. ఆ తర్వాత ఒక చేతిలో ఒకరిని, ఇంకో చేతిలో ఇంకొకరిని పట్టుకుని లోపలికి నడిచింది.

చలికాలం మధ్యాహ్నం. ఎండ హాయిగా ఉంది. ఎండాకాలమంతా ఏసీ గదుల్లో మగ్గిన ఊళ్ళో పిల్లలందరూ అక్కడే ఉన్నట్టున్నారు. పచ్చిక మీద చాపలు, చాపల మీద ఫ్లాస్కులు, చుట్టూ సంసారాలు. జారుడుబండల కింద మెత్తటి రబ్బరు నేల. తాళ్ళ వల మీద కోతుల్లా ఎగబాకుతున్న పిల్లలు. పిల్లల తోపుడు బండ్ల పక్కన నిలబడ్డ ఆయాలు. అందరూ నవ్వుతున్నారు. వెంకటేశ్వరి మాత్రం గేట్లు ఎక్కడెక్కడున్నాయో చూసుకుంది.

యూనిఫాంలో ఒకతను ఎదురుగా వస్తున్నాడు. వెంకటేశ్వరి పిల్లల్ని లాక్కుని పొదల వెనక్కి వెళ్ళిపోయింది.

"ఆంటీ, ఎందుకు దాక్కున్నాం?"

"గమ్మునుండు పాపా."

జాయ్సీ ఆకుల్లోంచి తొంగి చూసింది. "ఆంటీ, ఆయన మొక్కలకి నీళ్ళు పోసే అంకులు."

నిజమే. అతని చేతిలో గొట్టం ఉంది. వెంకటేశ్వరికి నవ్వు రావాల్సింది, రాలేదు. విజయ్ కుమార్ ఇచ్చిన నీళ్ళు రెండు గుటకలు తాగింది.

ఉయ్యాలల దగ్గర జనం ఎక్కువగా ఉన్నారు. అక్కడికే తీసుకుపోయింది. జాయ్సీ ఒక ఉయ్యాల ఎక్కి తనే ఊగడం మొదలుపెట్టింది. షాలేముని చిన్నపిల్లల బుట్ట ఉయ్యాలలో కూర్చోబెట్టి మెల్లగా తోసింది. వాడు మొదట బిక్కమొహం పెట్టాడు, ఆపైన ఏడుపు లంకించుకున్నాడు. పక్కనున్న వాళ్ళు చూస్తున్నారు. ఏడ్చే పిల్లవాడి ఆయాని అందరూ చూస్తారు.

వాడి నోరు మూయించాలన్న ఒకే ఒక్క తొందరలో ఆమె నోటి నుంచి ఆ మాట వచ్చేసింది.

"ఊగు నాయనా ఊగు. మీదికి పోయి రాయచోటి సూడు, కిందికొచ్చి నన్ను సూడు."

షాలేము ఏడుపు ఆపాడు. ఇంకోసారి తోసింది. ఇంకోసారి అంది. వాడు కిలకిలా నవ్వాడు. ఆ నవ్వు చూసి ఆమెకు ప్రాణం లేచొచ్చింది, గొంతు కూడా లేచింది. ఎవరికి కనబడకూడదో, ఎవరికి వినబడకూడదో కాసేపు అన్నీ మరిచిపోయింది.

"సూరీ. వానికి రాయచోటి కనపడిందా?"

అడిగిన గొంతు ఆమె నడుము ఎత్తులో, వెనక నుంచి వచ్చింది. అచ్చమైన రాయచోటి తెలుగు, ఆమె ఊరి తెలుగు. ఆమె చేతులు ఆగిపోయాయి. వెనక్కి తిరగకముందే ఎవరో తెలిసిపోయింది. ఆమె పేరు నోరు తిరగక సూరీ అని కత్తిరించి పిలిచే ఇల్లు ప్రపంచంలో ఒక్కటే ఉంది. ఎగైలాలో.

మిషారీ. ఆమె నోట్లో వాడు మిసిరి. పసిగుడ్డుగా చేతికొచ్చినవాడు. వాడి పెరట్లో ఉయ్యాల ఊపుతూ ఆమె సొంతంగా అల్లుకున్న మాటే ఇందాక అన్నది. వాడు మొదట పలికింది కూడా అరబ్బీ కాదు, ఆమె భాషే. అది విని వాడి తల్లి, అంటే మామా, నవ్వేది. నాయనమ్మ పెద్ద మామా మాత్రం నవ్వేది కాదు.

చుట్టూ చూసింది. దూరంగా బెంచీ మీద కొత్త పనిమనిషి కాబోలు, ఫోనులో ఎవరితోనో మొహం చూసుకుంటూ మాట్లాడుతోంది. మామా కనబడలేదు, పెద్ద మామా కనబడలేదు. కానీ ఆ ఇంట్లో పిల్లవాణ్ణి పనిమనిషితో ఒంటరిగా పంపరు. ఎక్కడో ఉన్నారు. ఇక్కడే ఎక్కడో ఉన్నారు.

"నేను సూరిని కాదు నాయనా. పో, మీ మనిషి కాడికి పో," అంది వెంకటేశ్వరి. తెలుగులోనే అంది. అది కూడా ఆమెకు తెలియలేదు.

"నువ్వు సూరివే."

"కాదు. నువ్వెవురో నాకు తెల్దు."

పిల్లవాడు ఆమె మొహంలోకి చూశాడు. ఏడవలేదు. వాడు చిక్కిపోయాడని ఆమెకు అప్పుడు కనబడింది.

"చెత్త పారేసి వస్తానంటివి," అన్నాడు. "రాలేదు."

ఆమె ఇంక వాడి వైపు చూడలేదు. షాలేముని బుట్టలోంచి లాగింది, వాడు ఆకాశం దద్దరిల్లేట్టు ఏడ్చాడు. జాయ్సీ చెయ్యి పట్టుకుంది. "ఇప్పుడే కదా ఆంటీ వచ్చాం," అని అది మొరాయిస్తుంటే ఈడ్చుకుంటూ వెనక గేటు వైపు నడిచింది.

*

చెత్త పారేసి వస్తానని చెప్పింది నిజమే. నల్ల సంచి చేత్తో పట్టుకుని గేటు దాటి, ఆ సంచి డబ్బాలో పడేసి, వెనక్కి తిరక్కుండా పోయిన మనిషి ఆమె.

అంతకుముందు మిషారీకి జ్వరం వచ్చింది. చుట్టాలంతా వచ్చి వాణ్ణి ముద్దులాడి పోయిన మర్నాడే పట్టుకుంది. మందులు వేసినా తగ్గలేదు. వెంకటేశ్వరికి ఇంకేం అనుమానం. గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తీసుకుని వాడి చుట్టూ తిప్పి పొయ్యి మీద వేసింది. మిరపకాయలు కాలుతున్నా ఘాటు రాలేదు. ఎంత దిష్టి తగిలిందో అనుకుని వాడి చీలమండకి నల్లదారం కూడా కట్టింది. రాయచోటిలో ఏ తల్లయినా చేసే పనే అది. ప్రేమ లేకపోతే చేయని పని.

వంటింటి గుమ్మంలో పెద్ద మామా నిలబడి ఉంది. ఆవిడ చూసింది దిష్టి తీయడం కాదు. పరాయి మనిషి ఒకతి తన మనవడి చుట్టూ ఏదో తిప్పుతూ, ఏదో గొణుగుతూ, మంటల్లో వేయడం చూసింది. "సిహిర్" అంది. అంటే చేతబడి. అక్కడ అది ఊరికే అనే మాట కాదు, జైలుకి పంపే మాట. కత్తెర తెచ్చి దారం కోసేసి బాత్రూములో పడేసింది. కొడుకు ఊరి నుంచి రాగానే పోలీసుల్ని పిలుస్తానంది. మామా ఆ రోజంతా నోరు విప్పలేదు. అవునని అనలేదు, కాదని అనలేదు. ఆ మౌనానికే వెంకటేశ్వరి ఎక్కువ భయపడింది. ఆ జ్వరమప్పుడే క్లినిక్‌లో తెలుగు మాట విని పలకరించి, అవసరమైతే ఫోను చెయ్యమని నంబరిచ్చిన నర్సు ఒకామె ఉంది. ఆ నర్సే నిస్సీ.

ఇప్పుడు పార్కు వెనక గేటు దాటగానే వెంకటేశ్వరి ఫోను తీసింది. తొందరలో రెండుసార్లు తప్పు నొక్కింది.

"సారూ, యాడుండారు?"

"వచ్చేశాను, సిగ్నల్ దగ్గరున్నా. ఏమైంది?"

"బిరీన రాండి. వెనక గేటు కాడికి రాండి."

"ఏమైందక్కా?"

చెప్పేలోపు జాయ్సీ ఆమె చీర కొంగు లాగింది. "ఆంటీ, ఆ బాబు వస్తున్నాడు."

వెంకటేశ్వరి తిరిగి చూసింది. ఆపి ఉన్న కార్ల మధ్య నుంచి మిషారీ నడిచి వస్తున్నాడు. ఒక కాలికి బూటు లేదు. ఆమెనే చూస్తున్నాడు, ఇంకేమీ చూడడం లేదు. వాడి పక్కనున్న పెద్ద బండి వెనక్కి కదలడం మొదలుపెట్టింది.

ఎలా పరుగెత్తిందో ఆమెకు తెలియదు. షాలేముని జాయ్సీ చేతుల్లో పెట్టిందో, నేల మీద వదిలిందో కూడా తెలియదు. పిల్లవాణ్ణి చంకల కింద పట్టి లాగేసింది. బండి కీచుమని ఆగింది. డ్రైవరు కిటికీ దింపి అరిచాడు. "నీ పిల్లాణ్ణి చూసుకోలేవా?" అన్నాడు హిందీలో, వెళ్ళిపోయాడు.

వాడు ఆమె మెడ చుట్టూ చేతులు వేసి అతుక్కుపోయాడు. వాడి తల వాసన ఆమెకు తెలిసిన వాసనే. ఒక్క క్షణం గట్టిగా హత్తుకుంది. అప్పుడు తెలిసొచ్చింది, తను ఎక్కడ నిలబడి ఉందో. గేటు లోపల ఆమె బతాకా లేని పనిమనిషి మాత్రమే. గేటు బయట, రోడ్డు పక్కన, కువైటీ పిల్లవాణ్ణి చంకనేసుకుని ఉంది. ఇప్పుడు పట్టుబడితే ఆమెను పారిపోయిన పనిమనిషి అనరు. పిల్లల్ని ఎత్తుకుపోయేది అంటారు.

విజయ్ కుమార్ కారు వచ్చి ఆగింది.

"ఎవరీ అబ్బాయి?"

"మిసిరి."

విజయ్ కుమార్ గబగబా కారు దిగాడు. ఇన్నాళ్ళూ అన్నాల దగ్గర ఆమె చెప్పే కబుర్లలో ఆ పేరు ఎన్నిసార్లు విన్నాడో. ముందు తన పిల్లల్ని ఎత్తి వెనక సీట్లో పడేసి తలుపు వేశాడు. తర్వాత గొంతు తగ్గించి మాట్లాడాడు.

"దింపెయ్. గేటు లోపల దింపేసి వచ్చెయ్."

"వాడు ఉండడు సారూ. మళ్ళా నా ఎంటే వస్తాడు. ఇప్పుడే బండి కింద పడబోయినాడు."

"గార్డుకి అప్పజెప్పు."

"నన్ను బతాకా అడగడా?"

"ఇలా ఇవ్వు, నేను ఇచ్చొస్తా," అని చేతులు చాపాడు. వాడు కెవ్వున అరిచాడు. దారిన పోతున్న ఇద్దరు ఆడవాళ్ళు ఆగి చూశారు. విజయ్ కుమార్ కాలిన గిన్నె ముట్టుకున్నట్టు చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"వీడు నా చేతుల్లో ఇలా అరుస్తుంటే నేనేం చెప్పాలక్కా వాళ్ళకి?"

లోపల నుంచి ఒక ఆడగొంతు వినబడింది. "మిషారీ." ఆ వెనకే ఇంకో గొంతు. అటు నుంచి ఇటు దగ్గరవుతోంది.

"ఎక్కెయ్," అన్నాడు విజయ్ కుమార్, తను స్టీరింగ్ ముందు కూర్చుంటూ. "వాళ్ళే వస్తున్నారుగా, తీసుకుంటారు. దింపేసి ఎక్కెయ్. ఖలాస్, వెళ్ళిపోదాం."

వెంకటేశ్వరికి భయం వేసింది. చాలా భయం వేసింది. రాయచోటిలో చెల్లెలి దగ్గరున్న కూతురు రమణి గుర్తొచ్చింది. అమ్మ జైల్లో ఉందని దానికి ఎవరు చెప్తారో అనుకుంది. కారు ముందు సీటు తలుపు తెరిచే ఉంది. ఎక్కుదామనే అనుకుంది. ఉన్నమాట చెప్పుకోవాలి, ఆమె ఎక్కడానికే వంగి పిల్లవాణ్ణి కింద నిలబెట్టింది.

బూటు లేని కాలికి సాక్సు జారిపోయి ఉంది. పైకి లాగుదామని పట్టుకుంది.

చీలమండ మీద నల్లదారం.

తను కట్టింది కాదు. దాన్ని పెద్ద మామా కోసి పారేయడం కళ్ళారా చూసింది. తను మూడు ముళ్ళు బిగించి వేస్తుంది. ఇది బూటు తాడు ముడి, వదులుగా ఉంది, పువ్వులా ఉంది. దారం కూడా పూజ దారం కాదు, బురఖాలాంటి అబాయా అంచు కుట్టే సన్నటి దారం, రెండు పేటలు వేశారు. కట్టడం రాని చేతులు ఎవరివో కట్టాయి.

"ఎవురు కట్టినారు నాయనా ఇది?"

"మామా. నేను అన్నం తినకపోతే కట్టింది. కబీరాకు చెప్పాకు అనింది."

కబీరా అంటే పెద్ద మామా. ఆవిడకి చెప్పొద్దందంటే, వెంకటేశ్వరి చేసింది చేతబడి కాదని మామాకి తెలుసు.

వెంకటేశ్వరి కారు తలుపు పట్టుకుని లేచి నిలబడింది. విజయ్ కుమార్ స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. ఆమె తలుపు మెల్లగా వేసేసింది.

"మీరు పోండి సారూ."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పిల్లోళ్ళు ఉండారు. పోండి."

అతను కిటికీలోంచి ఏదో అనబోయాడు. "అక్కా, మా పేరు..." అని ఆగిపోయాడు. ఆ మాట అన్నందుకు సిగ్గుతో తల దించుకున్నాడు.

"నేనేం చెప్పను. మీరెవురో నాకు తెల్దు," అంది వెంకటేశ్వరి.

వెనక అద్దం మీద జాయ్సీ అరచేతులతో కొడుతోంది. అద్దం లోపల నుంచి దాని మాట వినబడడం లేదు. వెంకటేశ్వరి మిషారీని ఎత్తుకుని గేటు లోపలికి నడిచింది.

*

మామా ఉయ్యాలల దగ్గర నుంచి పరుగున వస్తోంది. అబాయా కాళ్ళకి అడ్డం పడుతోంది. చెవి దగ్గర ఫోను ఉంది. పక్కన గార్డు. వెనక ఏడుస్తూ కొత్త పనిమనిషి.

మామా వాళ్ళను చూసింది. ఆగిపోయింది. ఫోనులో అవతలి మనిషి ఏదో అడుగుతూనే ఉన్నాడు.

వెంకటేశ్వరి పిల్లవాణ్ణి ముందుకు చాపింది. తల్లి వాణ్ణి లాక్కుని తల, చేతులు, మోకాళ్ళు తడిమి చూసుకుంది. గార్డు వెంకటేశ్వరి దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరు నువ్వు? బతాకా ఏది?" అన్నాడు అరబ్బీలో.

ఆమె ఖాళీ అరచేతులు చూపింది.

"మేడం, ఈమె మీకు తెలుసా?"

మామా వెంకటేశ్వరి మొహంలోకి చూసింది. ఎంతసేపు చూసిందో. మిషారీ తల్లి భుజం మీద నుంచి చెయ్యి చాపి వెంకటేశ్వరి కొంగు పట్టుకున్నాడు. మామా ఆ చేతిని చూసింది. చెవి దగ్గరి ఫోను దించి ఆపేసింది.

"మా ఇంటి మనిషే," అంది గార్డుతో. "పిల్లవాడికి నీళ్ళు తాగించడానికి తీసుకుపోయింది. నాకు చెప్పలేదు, కంగారు పడ్డాను."

గార్డుకి నమ్మకం కలగలేదు. ఆమెను ఎగాదిగా చూశాడు. కానీ కువైటీ ఆడమనిషి మాట కాదని ఏమంటాడు. తల ఊపి పక్కకు తప్పుకున్నాడు.

మామా వెంకటేశ్వరి మణికట్టు పట్టుకుంది. పట్టు గట్టిగా ఉంది. ముందు గేటు వైపు నడిపిస్తోంది.

"మామా, నేను ఎత్తుకుపోలేదు. వాడే నా వెంట..." వచ్చిన అరబ్బీలో చెప్పబోయింది వెంకటేశ్వరి.

"మాట్లాడకు."

"మామా, నన్ను యాడికి తీసుకుపోతాండావు?" కంగారులో తెలుగు వచ్చేసింది.

మామా నడక ఆపలేదు. ఇంటికో, స్టేషనుకో తెలియడం లేదు. గార్డు ముందు తప్పించింది కనికరమో, పదిమందిలో రచ్చ ఎందుకనో తెలియడం లేదు. ఒక్కటే తెలిసింది. గేటు దగ్గరపడే కొద్దీ మామా అడుగులు నెమ్మదవుతున్నాయి.

కమ్మీల అవతల రోడ్డు మీద విజయ్ కుమార్ కారు ఇంకా ఉంది. చూస్తుండగానే కదిలి, మెల్లగా మలుపు తిరిగింది.

నల్ల అద్దాల పెద్ద బండి చెట్టు నీడలో ఆపి ఉంది. దాని దగ్గర మామా ఆగింది. పిల్లవాణ్ణి దింపి వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. జారిన సాక్సుని పట్టుకుని దారం కనబడకుండా మోకాలి దాకా లాగింది. అలా కూర్చునే తలెత్తి వెంకటేశ్వరి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. బతిమాలుతున్నట్టు ఉంది. ఇన్నేళ్ళలో ఆ మొహంలో అలాంటి చూపు వెంకటేశ్వరి ఎప్పుడూ చూడలేదు.

లేచి వెనక తలుపు తెరిచింది.

లోపల సీటు మీద పెద్ద మామా జపమాల తిప్పుతూ కూర్చుని ఉంది. నల్ల అద్దాల్లోంచి బయటివాళ్ళకి లోపల కనబడదు. లోపలి వాళ్ళకి బయట అంతా కనబడుతుంది.

ఆవిడ వేళ్ళు ఆగాయి. పారిపోయిన పనిమనిషి ఎదురుగా నిలబడి ఉంటే ఆమె వైపు చూడనైనా చూడలేదు. కోడలి వైపు చూసింది.

"ముందు వాడి సాక్సు తియ్యి," అంది.